ఖాళీ చేసిన ఇంటి ఇంటర్నెట్ బిల్లు వెంటపడితే

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు. 2020లో కరోనా వచ్చినప్పుడు మేం హైదరాబాద్ నిజాంపేటలో అద్దెకుండేవాళ్లం. మావారికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వడంతో ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్నాం. నెలకి 499 ప్లాన్, కనెక్షన్ మావారి పేరు మీద. రౌటర్‌కని 1,500 డిపాజిట్ కూడా కట్టించుకున్నారు. 2021 ఆగస్టులో ఇల్లు ఖాళీ చేసి గుంటూరు వచ్చేశాం. వచ్చే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనెక్షన్ వద్దని చెబితే ఓ అబ్బాయి వచ్చి రౌటర్ పట్టుకెళ్లాడు. రసీదు ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

ఇన్నేళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు రెండు నెలలుగా రోజుకో నంబరు నుంచి ఫోన్లు. 4,870 రూపాయలు బాకీ అట. మావారు ఎత్తకపోతే నాకు చేస్తున్నారు, పోయిన వారం మా మరిదికి కూడా చేశారు. హైదరాబాద్ కోర్టులో కేసు వేస్తాం, పోలీసులు ఇంటికొస్తారు, సిబిల్ పోతుంది అంటున్నారు. వాట్సాప్‌లో ఓ అడ్వొకేట్ పేరుతో నోటీసు పంపారు, దాని మీద లోక్ అదాలత్ అని కూడా ఉంది. శనివారం ఒకామె ఫోన్ చేసి ‘ఈ రోజు 2,000 కట్టేయండి, క్లోజ్ చేయించేస్తాను’ అంది. రెండు వేలతో పోయేదానికి ఇంత రచ్చ ఎందుకు, వాళ్ల మొహాన కొట్టేయండి అంటారు మామయ్యగారు. మావారేమో పైసా కట్టేది లేదని నంబర్లన్నీ బ్లాక్ చేస్తున్నారు. త్వరలో హోమ్ లోన్‌కి అప్లై చేయాలనుకుంటున్నాం. ఫోన్ మోగితే చాలు నాకు టెన్షన్ మొదలవుతోంది. ఏం చేయమంటారు? (పేరు వేయవద్దు)

జవాబు: మీ ఉత్తరం చదవగానే ముందు కాలిక్యులేటర్ తీశాను. 499కి 18 శాతం జీఎస్టీ కలిపితే 588 రూపాయల 82 పైసలు. దాన్ని ఎనిమిదితో హెచ్చవేస్తే 4,710 రూపాయల 56 పైసలు. మీ దగ్గర అడుగుతున్న 4,870లోంచి ఇది తీసేస్తే మిగిలేది 160 రూపాయల లోపే. అది లేటు ఫీజు అనుకుంటే లెక్క సరిపోతోంది.

ఇది నా ఊహే, కంపెనీ చెప్పిన లెక్క కాదు. కానీ ఊహ నిజమైతే జరిగిందేమిటో కనిపిస్తోంది. మీరు ఫోన్లో కనెక్షన్ వద్దన్నారు. రౌటర్ తీసుకెళ్లిన అబ్బాయి దాన్ని ఆఫీసులో పడేశాడు. కంప్యూటర్లో మాత్రం మీ కనెక్షన్ ఎవరూ ఆపలేదు. తాళం వేసిన నిజాంపేట ఫ్లాట్‌కి నెలనెలా బిల్లు పడుతూ పోయి, ఎనిమిదో నెలకో ఎప్పటికో సిస్టమే విసిగి ఆగింది. అంటే మీరు వాడని ఎనిమిది నెలల ఇంటర్నెట్‌కి ఇప్పుడు డబ్బులడుగుతున్నారన్నమాట. కాకపోతే మరో సంగతి కూడా ఉండొచ్చు. మీరు వచ్చేముందు ఒకటో రెండో నెలలు నిజంగానే కట్టకుండా ఉండి, దాని పైన రౌటర్ ఖరీదు, ఫైన్లు వేసి ఉండొచ్చు. ఈ రెండింట్లో ఏదన్నది కాగితం చూస్తే గానీ తేలదు. అందుకే మామయ్యగారి మాటా వద్దు, మీవారి పద్ధతీ వద్దు. లెక్క చూపించకుండా కట్టొద్దు, లెక్క అడగకుండా ఫోన్లు బ్లాక్ చేస్తూ కూర్చోనూ వద్దు.

ముందు ఆ ఫోన్ చేసేవాళ్లెవరో చూద్దాం, సగం టెన్షన్ అక్కడే దిగుతుంది. వాళ్లు కంపెనీ ఉద్యోగులు కారు, లాయర్లు అసలే కారు. పాత బాకీల జాబితాను కంపెనీ ఏదో కలెక్షన్ ఏజెన్సీకి ఇస్తుంది, వసూలైన దాంట్లో వాళ్లకి కమీషన్. ఫోన్ చేసే పిల్లల ముందు ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది. అందులో పేరు, ఫోన్ నంబరు, కనెక్షన్ తీసుకున్నప్పుడు మీరు రాసిచ్చిన రెండో నంబరు, ఒక అంకె. అంతకుమించి వాళ్లకీ తెలియదు. మీ మరిదిగారి నంబరు బహుశా ఆ రెండో నంబరు కాలమ్‌లోదే. ఈసారి ఫోన్ వస్తే ఏ నెల బిల్లు అని అడిగి చూడండి. సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది:

‘మేడమ్, 4,870 పెండింగ్ ఉంది, ఎప్పుడు కడుతున్నారు?’

‘ఏ నెల బిల్లు బాబూ?’

‘టోటల్ అవుట్‌స్టాండింగ్ మేడమ్.’

‘అదే, ఏ నెల నుంచి ఏ నెల దాకా?’

‘సిస్టమ్‌లో అలా చూపించదు మేడమ్.’

చూపించదు. ఎందుకంటే ఆ షీట్‌లో ఆ కాలమే లేదు. లెక్క చెప్పలేని మనిషి 4,870ని ఒక్క ఫోన్లో 2,000 చేసేసిందంటే, ఆమెకి కావాల్సింది బాకీ తీరడం కాదు, ఈ నెల టార్గెట్ తీరడం.

ఇక మీరు ఫోన్లో అనాల్సింది రెండు మూడు వాక్యాలే. ‘అకౌంటు మావారిది. కంపెనీ మీకిచ్చిన ఆథరైజేషన్ లెటరు, నెలవారీ బిల్లులు మెయిల్‌లో పంపండి. చూసి జవాబిస్తాం.’ మెయిల్ ఐడీ చెప్పి పెట్టేయండి. వాదన పెట్టుకోవద్దు, తిట్టొద్దు, ఏడవొద్దు. కొత్త అడ్రసు, ఆధార్, పాన్, ఓటీపీ ఏవీ చెప్పొద్దు. ‘వెరిఫికేషన్ కోసం’ అంటారు, అయినా చెప్పొద్దు. ముఖ్యంగా ‘వచ్చే నెల చూస్తాంలే’ అన్న మాట నోటి నుంచి రానివ్వకండి. వదిలించుకోవడానికి మనం అనే మాటే అది, కానీ అవతలి షీట్‌లో అది ‘కస్టమర్ కడతానన్నారు’ అని ఎక్కుతుంది. మరుసటి నెల ఒకటో తారీఖున ఇంకో గొంతు మీకు ఆ మాట అప్పజెబుతుంది. ఫోన్ వచ్చిన తేదీ, టైము, నంబరు ఓ పాత డైరీలో రాసి పెట్టండి. కాల్ రికార్డు అయ్యేలా ఫోన్లో సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి.

అసలు పని జరగాల్సింది ఏజెంటుతో కాదు, కంపెనీతో. అదీ ఫోన్లో కాదు, రాతలో. మీవారు తన మెయిల్ నుంచే కంపెనీ వెబ్‌సైట్లో ఉన్న కస్టమర్ కేర్ ఐడీకి రాయాలి. ఐడీని సైట్లోకి వెళ్లి మీరే చూసుకోండి, గూగుల్లో కొడితే మొదట వచ్చే నంబర్లలో దొంగవి బోలెడు. ఇంగ్లీషులో రాసినా సరే, విషయం మాత్రం ఇలా ఉండాలి:

‘మా పాత కస్టమర్ ఐడీ ఇది. 2021 ఆగస్టులో ఫలానా తేదీన ఈ కనెక్షన్ ఆపమని కస్టమర్ కేర్‌కి చెప్పాం. తర్వాత మీ మనిషి వచ్చి రౌటర్ తీసుకెళ్లారు. ఇప్పుడు మీ పేరు చెప్పి 4,870 రూపాయలు కట్టమని ఫోన్లు వస్తున్నాయి. ఈ బాకీని మేం ఒప్పుకోవడం లేదు. ఏ నెలకు ఎంత అన్న బిల్లులు, అకౌంట్ స్టేట్‌మెంట్, 2021 ఆగస్టు నుంచి మా లైన్లో ఎంత డేటా వాడారో ఆ రికార్డు, మా ఫోన్ రిక్వెస్టు వివరాలు, మా 1,500 రూపాయల డిపాజిట్ ఎక్కడ సర్దుబాటు చేశారో ఆ లెక్క పంపండి. ఫోన్ చేస్తున్న ఏజెన్సీ మీదేనా, కాదా అన్నది చెప్పండి. ఇది తేలేదాకా ఏజెంట్ల ఫోన్లు ఆపించండి. ఈ ఉత్తరం బాకీ ఉన్నట్టు ఒప్పుకోవడం కాదు.’

ఇందులో నాకు బాగా ఇష్టమైనది డేటా రికార్డు అడగడం. ఇల్లు ఖాళీ చేశామని మనం వంద చెప్పొచ్చు, వాళ్లు నమ్మకపోవచ్చు. కానీ రౌటరే లేని ఇంట్లో డేటా ఖర్చవదు. ఖాళీ చేసిన రోజు దాకా గీత పైకీ కిందకీ ఆడి, ఆ తర్వాత చదునుగా పడుకుని ఉంటుంది. వాళ్ల రికార్డే మీ సాక్షి. వాళ్లు ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదన్న మాట మీకు పనికొస్తుంది.

మీ వైపు సాక్ష్యాలు కూడా ఈలోగా వెతికి పెట్టండి. సామాన్లు తెచ్చిన లారీవాళ్ల బిల్లు, గ్యాస్ కనెక్షన్ మార్పించిన కాగితం, పిల్లల టీసీ, అద్దె అగ్రిమెంటు, ఓనరుకి ఆఖరి అద్దె వేసిన బ్యాంకు ఎంట్రీ. వీటిలో ఒకటి దొరికినా తేదీ తేలుతుంది. మీవారి మెయిల్లో, పాత ఎస్సెమ్మెస్‌లలో కంపెనీ పేరు కొట్టి వెతకమనండి. కనెక్షన్ వద్దని ఫోన్ చేసినప్పుడు ‘మీ రిక్వెస్ట్ నంబర్’ అంటూ మెసేజ్ వచ్చి ఉండొచ్చు, దాన్ని మనం చూసి ఉండం. మా ఇంట్లో ఇలాగే ఒకసారి ల్యాండ్‌లైన్ తీయించాక ఏడాదికి బిల్లొచ్చింది. రసీదు కోసం ఇల్లంతా తిరగేస్తే చివరికి బీరువాలో పట్టుచీర మడతలో దొరికింది. అది దొరక్కపోతే ఆ రోజు నేనూ మీ మామయ్యగారి మాటే అనేదాన్నేమో.

మెయిల్‌కి కంప్లయింట్ నంబరు వస్తుంది, డాకెట్ నంబరు అంటారు. అది తప్పక తీసుకోండి. టెలికాం కంపెనీలకి వాటి నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన నిబంధనల ప్రకారం రెండు మెట్లుంటాయి. మొదటిది కంప్లయింట్ సెంటర్. అక్కడ తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాసి జవాబు రాలేదని బాధపడతారు. ట్రాయ్ విడివిడిగా ఒక్కొక్కరి కంప్లయింట్ తీసుకోదు. ఈ రెండు మెట్లూ దాటినా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు కమిషన్‌కి రాకూడదని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు కాబట్టి హైదరాబాద్ తిరగనక్కర్లేదు, గుంటూరులోనే వేసుకోవచ్చు. ఇలాంటి చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు.

ఇప్పుడు కోర్టు బెదిరింపు సంగతి. ఇలాంటి బాకీకి ప్రైవేటు కంపెనీ కోర్టుకెళ్లాలంటే లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్ల గడువు. 2021 ఆగస్టుకి మూడేళ్లు కలిపితే 2024 ఆగస్టు అనుకుంటారు. కానీ మీ విషయంలో ఒక మెలిక ఉంది. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని ఈ గడువుల లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసేసింది. అందుకని మీ 2021 బిల్లులకి గడియారం 2022 మార్చి 1న మొదలైందనుకోవాలి. మూడేళ్లంటే 2025 ఫిబ్రవరి నెలాఖరుకి అయిపోయింది. ఎనిమిది నెలలూ వేసుకుంటూ పోయారనుకున్నా ఆఖరి బిల్లు 2022 ఏప్రిల్‌కో మేకో పడి ఉంటుంది, దాని గడువు కూడా 2025 వేసవితో తీరింది. మధ్యలో వాళ్లు నిజంగా కేసు వేసి ఉండకపోతే, మీవారు బాకీ ఉందని ఎక్కడా రాసివ్వకపోతే, ఇప్పుడు కోర్టుకెళ్లినా నిలవదు. గడువు దాటిన దావాను మీరు ఆ మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టేయాలని చట్టంలోనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి సూటిగా చెప్పాలి. గడువు తీరితే బాకీ మాయం కాదు. కోర్టు తలుపు మూసుకుంటుంది, అంతే. మర్యాదగా అడిగే హక్కు వాళ్లకి ఇంకా ఉంటుంది. ఆ మూసుకున్న తలుపును మనమే తెరిచే దారి కూడా ఒకటుంది. గడువు తీరిన బాకీని సైతం ‘కడతాను’ అని సంతకం పెట్టి రాసిస్తే, కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందం అయిపోతుంది. అందుకే వాళ్లు పంపే సెటిల్‌మెంట్ ఫారం మీద సంతకం పెట్టొద్దు. వాట్సాప్‌లో ‘ఓకే, టైమివ్వండి’ అని కూడా కొట్టొద్దు. మెసేజే కదా అనుకుంటాం, రాతపూర్వకంగా ఒప్పుకున్నారని వాదించడానికి వాళ్లకది చాలు. ఇంకా మూడేళ్లు దాటని బాకీలున్న పాఠకులు మరీ జాగ్రత్తగా ఉండాలి. గడువు లోపల రాసిచ్చినా, రాతపూర్వకంగా కొంత కట్టినా గడియారం మళ్లీ మొదటికొస్తుంది. ‘ముందు ఓ అయిదొందలు వేయండి మేడమ్’ అనేది ఊరికే అనే మాట కాదు.

మీరు నాకు పంపిన నోటీసు ఫొటో పెద్దది చేసి చూశాను. పైన త్రాసు బొమ్మ, ‘ఫైనల్ వార్నింగ్’ అని ఎర్ర అక్షరాలు, కింద గుండ్రటి స్టాంపు. కేసు నంబరు లేదు. ఏ కోర్టో, ఏ ఊరో లేదు. తేదీ దగ్గర ‘24 గంటల్లోగా’ అని ఉంది. కానీ కిందనే యూపీఐ క్యూఆర్ కోడ్ ఉంది! ఏ న్యాయస్థానమూ క్యూఆర్ కోడ్ పెట్టి బాకీ వసూలు చేయదు. ఆ కోడ్ స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తుందో చూడండి, పే మాత్రం నొక్కకండి. కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వచ్చిందంటే, మీరు 2,000 వేసి ఉంటే బాకీ అలాగే ఉండేది, డబ్బు మాత్రం పోయేది. పొరపాటున ఎవరైనా ఇలా వేసేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అలాగని లోక్ అదాలత్ పేరున్న ప్రతి కాగితాన్నీ చెత్తబుట్టలో వేయకండి. కేసు వేయకముందే రాజీ కోసం టెలికాం కంపెనీలు, బ్యాంకులు లోక్ అదాలత్‌లో వేలకొద్దీ పాత బాకీలు పెట్టడం నిజంగా ఉంది. దాన్ని చూసే ఇలాంటి ఏజెంట్లు నకళ్లు తయారుచేస్తారు. అసలుదైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ పేరు, నంబరు, హాజరు కావాల్సిన తేదీ, చోటు ఉంటాయి. అనుమానం ఉంటే ఆ సంస్థ ఆఫీసుకి, అంటే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే ఆఫీసుకి, ఫోన్ చేసి అడగొచ్చు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100 కూడా ఉంది. నిజంగా కేసు పడిందో లేదో ఈకోర్ట్స్ సైట్లో మీవారి పేరు కొట్టి ఊరికే చూసుకోవచ్చు. మామూలు లోక్ అదాలత్‌లో మీరు ఒప్పుకుంటేనే రాజీ, లేదంటే లేదు, వెళ్లినంత మాత్రాన బలవంతంగా కట్టించరు. పర్మనెంట్ లోక్ అదాలత్ మాత్రం వేరు. టెలిఫోను, కరెంటు, నీళ్లలాంటి సేవల గొడవల్లో రాజీ కుదరకపోతే అది తీర్పు కూడా ఇవ్వగలదు. అలాంటి నోటీసు నిజంగా వస్తే మీ మెయిళ్ల ప్రింటు తీసుకుని తప్పకుండా వెళ్లండి. మీ అంతట మీరే దానికి దరఖాస్తు చేసుకునే దారి కూడా ఉంది, కోర్టు ఫీజు ఉండదు.

పోలీసుల సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. ఇంటర్నెట్ బిల్లు కట్టకపోవడం సివిల్ తగాదా, దానికి పోలీసులు ఇంటికి రారు. ‘స్టేషన్ నుంచి మాట్లాడుతున్నా’ అని ఎవరైనా అంటే ఏ స్టేషనో, పేరేమిటో అడిగి రాసుకోండి. ఆ మాట అబద్ధమైతే చిక్కుల్లో పడేది వాళ్లే. బెదిరింపు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 351వ సెక్షన్ కిందకొస్తుంది. ఆడవాళ్లతో అసభ్యంగా మాట్లాడితే 79వ సెక్షన్ ఉంది. మీకు అలాంటి మాటలేమైనా వచ్చినట్టు ఉత్తరంలో రాయలేదుగానీ, వచ్చుంటే మొహమాటపడకుండా నగరంపాలెమో, మీకు దగ్గరున్న మరో స్టేషనో, వెళ్లి కంప్లయింట్ ఇవ్వండి.

ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న రూలు వాట్సాప్‌లో బాగా తిరుగుతుంటుంది. ఆ రూలు నిజమే, రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. కాకపోతే అది బ్యాంకులకి, ఫైనాన్స్ కంపెనీలకి. ఇంటర్నెట్ కంపెనీ రిజర్వ్ బ్యాంకు కిందకి రాదు. ఏజెంటుతో ఆ సర్క్యులర్ పట్టుకుని వాదిస్తే తెలిసిన ఏజెంటు నవ్వుతాడు. మీకు పనికొచ్చే మాట వేరు: తన పేరు మీద ఫోన్ చేసేవాళ్ల తీరుకి కంపెనీయే జవాబుదారీ. అందుకే ప్రతి అల్లరి ఫోన్ వివరాన్నీ ఆ డాకెట్ నంబరు కిందే మెయిల్ చేస్తూ పోండి. మీ మరిదిగారికి ఫోన్ చేసిన సంగతి ముందు రాయండి, ఆయనకీ ఈ బిల్లుకీ ఏ సంబంధమూ లేదు. ఆ మాటకొస్తే చట్టప్రకారం మీకూ లేదు. ఒప్పందం మీవారితో, మీరు హామీదారు కారు.

ఇక మీ అసలు భయం హోమ్ లోన్. భయపడే ముందు చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థలు నాలుగూ ఏడాదికొకసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బులు కట్టే ప్లాన్లు ముందుకు తోస్తారు, పేజీలో కాస్త కిందకి వెళితే ఉచితం లింకు ఉంటుంది. మీవారి పేరు మీద నాలుగూ తీయండి. ఈ కంపెనీ పేరు ఎక్కడా లేకపోతే సిబిల్ బెదిరింపు ఉత్తదే, హాయిగా లోన్‌కి అప్లై చేసుకోండి. కొన్ని టెలికాం కంపెనీలు బాకీలను ఈ సంస్థలకి చెప్పే మాట నిజం కాబట్టి ఒకవేళ ఉంటే, అదే సైట్లో డిస్ప్యూట్ పెట్టండి. మీ మెయిళ్లు జతచేయండి. 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది నడుస్తుండగా లోన్ ఆఫీసరుకి దాచకుండా చెప్పి, మెయిళ్లు చూపించండి. ఇలాంటి చిన్న టెలికాం గొడవలు వాళ్లకి కొత్తేమీ కాదు.

ఇక్కడే ఆ 2,000 డిస్కౌంటు బండారం కూడా బయటపడుతుంది. రిపోర్టులో ఎంట్రీ ఉండి, మీరు తక్కువకి బేరమాడి కట్టారనుకోండి, దాని పక్కన ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడే ప్రమాదం ఉంది. బ్యాంకువాళ్ల కళ్లకి సెటిల్డ్ అంటే పూర్తిగా కట్టని మనిషి. మామయ్యగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, రెండు వేలతో పోయేదనుకున్నది ఎక్కడికీ పోదని ఆయనకే అర్థమవుతుంది.

మధ్యలో ఒక పక్క మాట. ఇదే ఉత్తరం కరెంటు బిల్లు గురించి వచ్చి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ఇంటర్నెట్ బాకీ మనిషి వెంట వస్తుంది, కరెంటు బాకీ మీటరు మీద కూర్చుంటుంది. అద్దెకున్నవాళ్లు ఎగ్గొట్టి పోతే ఓనరు మెడకి చుట్టుకుంటుంది. ఇల్లు కొన్నవాళ్లకి కూడా పాత బాకీ తగలొచ్చు, 2023లో సుప్రీంకోర్టు కేరళ కేసులో నిబంధనలుంటే అది చెల్లుతుందంది. కట్ చేయాలంటే మాత్రం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. రెండేళ్లుగా బిల్లులో బకాయి అని వరసగా చూపించకుండా ఉన్నట్టుండి పాత బాకీ తెస్తే, దాని కోసం కరెంటు తీసేయడానికి 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ అడ్డొస్తుంది. మీరు కొనబోయేది పాత ఫ్లాటైతే రిజిస్ట్రేషన్‌కి ముందే కరెంటు బాకీ లేదన్న కాగితం అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి. హోమ్ లోన్ అన్నారు కదా అని గుర్తొచ్చి చెబుతున్నాను.

మళ్లీ మీ బిల్లుకొద్దాం. కంపెనీ నుంచి స్టేట్‌మెంట్ వచ్చింది, అందులో 2021 జూలై బిల్లు నిజంగానే మీరు కట్టలేదని తేలింది అనుకోండి. అప్పుడు గడువు దాటింది కదా అని దులిపేసుకోమని నేను చెప్పను. వాడుకున్నాం, మర్చిపోయాం, కట్టేద్దాం. ఆ ఒక్క నెలది 589 రూపాయలు. కాకపోతే ఏజెంటుకి కాదు, క్యూఆర్ కోడ్‌కి కాదు. కంపెనీ సొంత యాప్‌లోనో సైట్లోనో, అదీ ‘ఈ మొత్తంతో అకౌంటు పూర్తిగా మూసేస్తున్నాం, ఇంకేమీ బాకీ లేదు’ అని వాళ్లు మెయిల్లో ఒప్పుకున్నాకే. కట్టాక నో డ్యూస్ లెటరు, అంటే బాకీ లేదన్న కాగితం, తెప్పించుకుని హోమ్ లోన్ ఫైల్లో పెట్టండి. ఆ లెటరు లేకపోతే వచ్చే ఏడాది ఇదే షీటు ఇంకో ఏజెన్సీ చేతికి పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు.

మీవారిని నంబర్లు బ్లాక్ చేయడం ఓ నాలుగు రోజులు ఆపమనండి, మెయిల్ వెళ్లాక చేసుకోవచ్చు. రోజుకో నంబరు నుంచి చేసేవాళ్లకి బ్లాకులు ఒక లెక్కా? ఈ ఆదివారం పొద్దున టిఫినయ్యాక ఇద్దరూ కూర్చుని ఆ మెయిల్ రాసేయండి, అరగంట పని.

ఇంకొకటి, ఆ 1,500 డిపాజిట్. రౌటర్ వాళ్ల మనిషే తీసుకెళ్లాడు కాబట్టి ఆ డబ్బు మీది. జూలై 589 అందులోంచి మినహాయించుకున్నా 911 రూపాయలు వాళ్లే మీకివ్వాలి. మెయిల్ ఆఖర్లో మీ బ్యాంకు అకౌంటు నంబరు అడిగితే ఇస్తామని కూడా రాయండి. ఏం జవాబొచ్చిందో నాకు రాయండి.